శుభం కార్డు పడ్డాక...

ఎన్ని సినిమాల్లో చూడలేదూ! ఆపరేషన్ థియేటర్ మీద ఎర్ర లైటు, బయట హీరోగారి పచార్లు, లోపల కేర్‌మన్న ఏడుపు... "తల్లీ బిడ్డా క్షేమం" అని డాక్టరమ్మ అనగానే సీను కట్! అసలు కథ అక్కడే మొదలవుతుందని పలాసలోనో, టెక్కలిలోనో ఏ బాలింతనడిగినా చెబుతుంది.

"పెద్దాపరేషనా, మామూలు కాన్పా?" చూడవచ్చినవాళ్ళ మొదటి ప్రశ్న ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 63!

నొప్పుల్లేకుండా తేలిగ్గా అయిపోతుందనుకుంటే పొరపాటే. పొట్టనూ గర్భసంచినీ కోసే పెద్ద ఆపరేషనది. చీము పట్టే భయం, కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ. తర్వాతి కాన్పులో మాయ లోతుగా అతుక్కుపోయే ప్రమాదమూ ఉంది. అలాగని మామూలు కాన్పు పూలపాన్పేం కాదు. కింద చిరుగులు, దగ్గితే మూత్రం జారడం, గర్భసంచి జారడం దాని బాధలు. బిడ్డ అడ్డం తిరిగితే మాత్రం ఆ కోతే ప్రాణదాత. ఇందులో గొప్పా లేదు, నామోషీ లేదు!

ఉద్దానంలో ఇంకో మెలిక ఉంది. కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను కుదిపేసిన నేల ఇది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైంది అందుకే. కోత నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీలకు చేటు. కాబట్టి కాన్పుకు ముందే డాక్టరును అడిగి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. సొంతంగా షాపులో మాత్రలు కొనకూడదు. "నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయి" అనే పెద్దల మాట ప్రేమతో అన్నదే, నిజం మాత్రం కాదు. డాక్టరు వద్దంటే తప్ప, పాలిచ్చే తల్లి దాహం తీరా తాగాలి.

కాన్పు ఏదైనా, మొదటి రోజు దాటాక ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు పరీక్ష చేయించుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. జ్వరం, ఆగని రక్తస్రావం, కాలివాపు, కళ్ళు మసకబారే తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిందే.

కుర్రకారూ! మీ అప్ప పురిటికి పుట్టింటికి వస్తే "ఏ కాన్పు?" అని అడక్కండి. బిడ్డను కాసేపు ఎత్తుకుని, "ఒంట్లో ఎలాగుందప్పా?" అనండి. సినిమాలో లేని సీనది. మనింట్లో ఉండాల్సిన సీను!