ఊగే కిటికీల స్ఫటికం

జిఫ్-8 అనే స్ఫటికంలో అణుప్రమాణపు గదులుంటాయి. ఒక్కో గది వ్యాసం 11.6 ఆంగ్‌స్ట్రాములు, గదిలోకి దారితీసే కిటికీ వెడల్పు 3.4 మాత్రమే. నత్రజని అణువు అడ్డుకొలత 3.6 ఆంగ్‌స్ట్రాములు. లెక్క ప్రకారం అది లోపలికి పోకూడదు. అయినా పోతుంది. అంతకంటే లావైన మీథేన్ కూడా పోతుంది. స్ఫటికమంటే కదలని రాతికట్టడమని అనుకున్నంతకాలం ఈ చిక్కు విడదు.

లోహ అయాన్లను కర్బన అణువులతో జోడించి అల్లిన ఇలాంటి పదార్థాలను మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులు, క్లుప్తంగా మాఫ్‌లు అంటారు. 2025 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వీటికి బాటవేసిన సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు దక్కింది. మాఫ్‌ల ప్రస్తావన రాగానే వాటి లోపలి ఉపరితల వైశాల్యం గురించి గొప్పగా చెప్పుకుంటాం. ఇంత డొల్లగా ఉన్న కట్టడం ఒత్తిడికి నిలుస్తుందా అన్నది నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. కిటికీ చిక్కుకూ ఈ ప్రశ్నకూ జవాబు ఒకే చోట ఉంది: స్ఫటికం కంపనాల్లో.

రసాయన బంధాలు సాగి ముడుచుకునే కంపనాలు చాలా వేగవంతమైనవి. సెకనుకు సుమారు 30 నుంచి 90 లక్షల కోట్లసార్లు జరుగుతాయి. మామూలు పరారుణ వర్ణపటమాపకం వీటిని సులువుగా పట్టుకుంటుంది. బంధాలు చెక్కుచెదరకుండా చట్రం మొత్తంగా ఊగే కదలికలు అలా కాదు. అవి నెమ్మదైనవి, సెకనుకు లక్ష కోట్లసార్లు, అంటే ఒక టెరాహెర్ట్జ్ పరిసరాల్లో ఉంటాయి. నెమ్మదిగా ఊగుతున్నదంటే ఆ దిశలో చట్రం మెత్తగా ఉన్నదన్నమాట.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ రైడర్, జిన్-చాంగ్ టాన్ బృందం 2014లో ఈ నెమ్మదైన కంపనాలను వెతికింది. హార్వెల్‌లోని ఐసిస్ కేంద్రంలో న్యూట్రాన్లతో, పక్కనే ఉన్న డైమండ్ సింక్రోట్రాన్‌లో దూర పరారుణ కిరణాలతో కొలిచి, క్వాంటం గణనలతో పోల్చింది. ఒక టెరాహెర్ట్జ్ దగ్గర కిటికీ చుట్టూ ఉన్న ఇమిడజోల్ వలయాలు కలిసి ఊగి, దారి వెడల్పవుతుందని తేలింది. అంతకన్నా తక్కువ పౌనఃపున్యంలో ఆ కిటికీయే పక్కకు ఒరిగి నలుగుతుంది.

ఈ ఒరగడమే కీలకం. కీళ్లు వదులైన నులక మంచం మీద పడుకుంటే బరువు మోస్తుంది. పక్కనుంచి నెడితే మాత్రం కోళ్లు, పట్టెలు ఏవీ విరగకుండానే మంచం వాలిపోతుంది. అలా పక్కకు వాలకుండా నిలిచే శక్తిని దృఢతా గుణకం కొలుస్తుంది. ఉక్కుకు అది సుమారు 80 గిగాపాస్కల్‌లు. 2012లో బ్రిల్వా పరిక్షేపణంతో, అంటే స్ఫటికంలోని ధ్వని తరంగాల మీద చెదిరిన లేజర్ కాంతితో, జిఫ్-8ను కొలిస్తే అది ఒక గిగాపాస్కల్‌కు కూడా చేరలేదు. రంధ్రాల్లోకి చొరబడని ద్రవంతో 0.34 గిగాపాస్కల్ దగ్గర నొక్కితే చాలు, క్రమం చెదిరిపోయి మళ్లీ తిరిగి రాదు. లోపలికి చొరబడే ఆల్కహాల్ మిశ్రమంలో ఉంచి 1.47 గిగాపాస్కల్‌ల వరకు నొక్కినప్పుడు మాత్రం వలయాలు తిరిగి కిటికీలు మరింత తెరుచుకున్నాయి. లోపల నిండిన అణువులే గోడలకు ఆసరా.

ఈ కంపనాలను పట్టుకోవడానికి కిరణాలతోపాటు న్యూట్రాన్లు కూడా ఎందుకు? ఏ కంపనం ఏ వర్ణపటంలో కనిపిస్తుందో స్ఫటిక సౌష్ఠవమే నిర్ణయిస్తుంది. దాన్ని లెక్కగట్టే పద్ధతిని 1939లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు సమూహ సిద్ధాంతం ఆధారంగా రూపొందించారు. రామన్ వర్ణపటానికీ పరారుణానికీ కూడా చిక్కని కంపనాలు కొన్ని ఉంటాయని ఆ లెక్క ముందే చెబుతుంది. ఆ ఆంక్షలు న్యూట్రాన్లకు వర్తించవు. పైగా హైడ్రోజన్ పరమాణువులు వాటిని బలంగా చెదరగొడతాయి. మాఫ్‌ల పరిశోధనలో న్యూట్రాన్లు ఇంత అక్కరకు రావడానికి కారణమిదే.

వాయువుల నిల్వకు వాడాలంటే మాఫ్ పొడిని గుళికలుగా నొక్కాలి. వైశాల్యం ఎంత ఉన్నా ఆ నొక్కుడులోనే చట్రం నలిగిపోతే ప్రయోజనం ఉండదు. ప్రతి లోహపు ముడినీ 12 కర్బన వారధులు పట్టి ఉంచే యుఐఓ-66 వంటి జిర్కోనియం మాఫ్‌లు ఈ విషయంలో ఎంతో మేలు. కొత్త మాఫ్‌లను తయారుచేస్తున్న మన విద్యార్థులకు నా విన్నపం ఒకటే: వైశాల్యంతోపాటు టెరాహెర్ట్జ్ కంపనాలను కూడా కొలవండి, గుళికగా నొక్కకముందే.