మీకు తెలుసా? మేకలు మేసిన రేగు పుట్టు బోన్సాయ్!

బ్రిటన్‌లో బోన్సాయ్ పెంచేవాళ్లు హాథార్న్ అనే ముళ్లచెట్టు కోసం గొర్రెలు తిరిగే కొండలు గాలిస్తారు. ఏళ్ల తరబడి మేతకు గురైన మొక్క పైకి ఎదగలేక మొదలు లావెక్కుతుంది. పొట్టిగానే ఉండి ముసలి చెట్టులా కనిపిస్తుంది.

హాథార్న్‌కు గట్టి చలికాలం కావాలి. దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకా ఎండలు దానికి పడవు. కానీ ఆ మెట్టబీళ్లలో గొర్రెలు, మేకలు కొరికి పొట్టిగా మార్చిన రేగు పొదలున్నాయి. కొమ్మను దగ్గరగా చూస్తే ఆకు మొదట్లో జంట ముళ్లు: ఒకటి నిటారుగా, రెండోది కొక్కెంలా వంగి. ఆకు అడుగున తెల్లటి నూగు.

రేగు ఎండాకాలంలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. కత్తిరింపుకు అదే అదను. పూత కొత్త రెమ్మల మీదే వస్తుంది కాబట్టి ఏటా కత్తిరించినా కాపు పోదు. తల్లివేరు బాగా లోతుకు దిగుతుంది. అందుకని బీడులో ముదురు పొదను పెకలించేకంటే గింజ నాటి, లేతగా ఉన్నప్పుడే తల్లివేరు తుంచి, పక్కవేళ్లు పట్టనివ్వడం ఎంతో మేలు. వంపు తిప్పడానికి లోహపు తీగ చుట్టాల్సింది కూడా లేత కొమ్మకే. ముదిరిన కొమ్మ వంచితే విరుగుతుంది.

కుండీలో ఆకు చిన్నదవుతుంది గానీ కాయ చిన్నదవదు. కాబట్టి పిల్లల తల మీద భోగిపళ్లుగా పోసే చిన్న రేగే బోన్సాయ్‌కు నప్పుతుంది. తోటల్లో పెంచే ఆపిల్ రేగు కాస్తే ఆ బరువుకు సన్న కొమ్మ వాలిపోతుంది.