జీపు బానెట్ తెరిచే ముందు: అడవి దారి ప్రయాణికులు పాటించవలసిన జాగ్రత్తలు

ములుగు జిల్లా ఏటూరునాగారం దాటి, ముళ్లకట్ట వద్ద గోదావరి వంతెన మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి వాజేడు మండలం గుండా ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశిస్తుంది. సరిహద్దుకు ఆవల బీజాపూర్ జిల్లాలోని తర్లగూడ, ఆ తర్వాత భోపాలపట్నం వస్తాయి. తెలుగు, గోండి, దోర్లి భాషలు కలగలిసి వినిపించే ఈ ప్రాంతంలో ప్రధాన రహదారిని వదిలి లోపలి గ్రామాలకు వెళ్లాలంటే మట్టిబాటలు, వాగులు, రాళ్లదారులు దాటక తప్పదు. ఇటువంటి దారుల్లో జనానికి ఆధారం జీపులు, బొలెరోల వంటి ఎత్తైన బండ్లే.

ఎండాకాలంలో ఇవి దారిమధ్యలో వేడెక్కి ఆగిపోవడం సాధారణం. బండి ఆగగానే డ్రైవరు దిగి బానెట్ ఎత్తడం, ప్రయాణికులంతా చుట్టూ మూగడం కూడా అంతే సాధారణం. ముఖం, కళ్లు, చేతులు కాలే ప్రమాదం పొంచి ఉండేది ఆ క్షణంలోనే. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్న చోట అటువంటి గాయం ప్రాణాంతకం కూడా కావచ్చు. బానెట్‌ను ఎప్పుడు తెరవాలి, ఎలా తెరవాలి, ఎప్పుడు తెరవకూడదు అన్న విషయాలు బండి నడిపేవారితోపాటు ఎక్కేవారికీ తెలిసి ఉండాలి.

అడవి దారిలో బండి ఎందుకు వేడెక్కుతుంది?

చదునైన రహదారిపై వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఇసుకలో, బురదలో, ఎత్తు దారిలో చిన్న గేరులో పోయేటప్పుడు ఇంజిన్ ఎక్కువ శ్రమపడుతుంది. బండి మాత్రం నెమ్మదిగా కదులుతుంది కనుక గాలి తగినంత అందదు. దీనికి తోడు గడ్డిగింజలు, ఆకులు, ఎర్రమట్టి రేడియేటర్ రేకుల మధ్య చేరి గాలి దారిని మూసివేస్తాయి. పాత బండ్లలో ఫ్యాను బెల్టు వదులు కావడం, రబ్బరు గొట్టాలు పగలడం అదనపు కారణాలు.

మూత వెనుక దాగిన శక్తి

రేడియేటర్ మూత కేవలం నీరు చిందకుండా ఆపేది కాదు. వంటింటి ప్రెషర్ కుక్కర్ మాదిరిగా అది లోపలి ఒత్తిడిని నిలుపుతుంది. చాలా బండ్లలో ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఉంటుంది. సాధారణంగా 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే నీరు ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల వరకు మరగకుండా ఉండగలదు.

అంత వేడి మీద ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. నీరు 100 డిగ్రీలకు దిగిరావాలి. ఆ మిగులు వేడి ప్రతి లీటరు నీటిలోనూ సుమారు 35 గ్రాములను అప్పటికప్పుడు ఆవిరిగా మారుస్తుంది. ఆ 35 గ్రాముల ఆవిరికి దాదాపు 60 లీటర్ల చోటు కావాలి. అందువల్ల అది మరుగునీటిని కూడా వెంటబెట్టుకుని సన్నని మూతి గుండా పైకి ఎగజిమ్ముతుంది. ఒంగి చూస్తున్న మనిషి ముఖమే దాని ఎదుట ఉంటుంది.

మొదటి పని బానెట్ తెరవడం కాదు

ఉష్ణోగ్రత సూచిక ఎర్ర గీతను తాకినా, బానెట్ అంచుల నుంచి తెల్లని ఆవిరి వచ్చినా, దారి పక్కన చదునైన చోట బండి ఆపాలి. ఎండుగడ్డి మీద ఆపరాదు. వేడెక్కిన పొగగొట్టం తాకితే గడ్డి అంటుకోవచ్చు. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ప్రయాణికులను దింపి, వాహనాలు వచ్చే వైపు కాకుండా పది అడుగుల దూరంలో నిలబెట్టాలి.

ఆ తర్వాత చేయవలసింది ఆగడమే. ఆవిరి పూర్తిగా తగ్గేవరకు బానెట్ ముట్టరాదు. కనీసం అరగంట వేచి ఉండడం మేలు. మండుటెండలో ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు.

ఈలోగా వచ్చేది ఆవిరా, పొగా అన్నది గమనించాలి. ఆవిరి తెల్లగా ఉండి గాలిలో త్వరగా కలిసిపోతుంది. కూలెంట్ పోసిన బండిలో తియ్యని వాసన వస్తుంది. నల్లని పొగ, కాలిన ప్లాస్టిక్ లేదా రబ్బరు వాసన, బానెట్ రంగు పొంగడం మంటకు సూచనలు. అటువంటప్పుడు బానెట్ ఎంతమాత్రం ఎత్తకూడదు. ఎత్తితే గాలి ఒక్కసారిగా లోపలికి చేరి మంట పెద్దదవుతుంది. అందరినీ దూరంగా తరలించి, 112కు ఫోన్ చేయాలి. జాతీయ రహదారిపై ఉంటే 1033 నంబరు కూడా సాయపడుతుంది.

తెరిచే పద్ధతి

ముందుగా తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. కొత్త బండ్లలో కరెంటుతో తిరిగే ఫ్యాను ఇంజిన్ ఆగిన తర్వాత కూడా హఠాత్తుగా తిరగవచ్చు. మెడలోని తుండు, వేలాడే పైట లేదా చున్నీ, జారిన జుట్టు సర్దుకోవాలి. ఉంగరం, గడియారం, కడియం తీసివేయాలి. లోహం బ్యాటరీ తీగలకు తగిలితే నిప్పురవ్వలు లేచి చర్మం కాలుతుంది.

అరచేతి వెనుక భాగాన్ని బానెట్‌కు దగ్గరగా, తాకకుండా ఉంచి వేడి చూడాలి. సెగ బలంగా తగిలితే ఇంకా ఆగాలి.

బొలెరో వంటి బండ్లలో లోపల డ్రైవరు కాలి దగ్గర ఉండే పిడి లాగితే బానెట్ వేలెడు మాత్రమే లేస్తుంది. ముందు అంచు కింద రెండో కొక్కెం ఉంటుంది. ప్రయాణంలో మొదటి తాళం ఊడినా బానెట్ ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. చేతికి దళసరి గుడ్డ చుట్టుకుని, బండికి ఎదురుగా కాక కాస్త పక్కకు నిలబడి, ముఖం తిప్పుకుని ఆ కొక్కెం జరపాలి. బానెట్‌ను కొద్దిగా ఎత్తి, మిగిలిన వేడి గాలి పోనిచ్చి, ఆ తర్వాతే పూర్తిగా లేపాలి.

పాత జీపుల పద్ధతి వేరు. భారతదేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో ఈ శ్రేణిని ప్రారంభించింది. ఆ వంశపు బండ్లలో బానెట్‌కు రెండు పక్కలా బయటే కొక్కేలు ఉంటాయి. రెండింటినీ విప్పి, బానెట్‌ను వెనుకకు వాల్చి ముందు అద్దం చట్రానికి ఆనిస్తారు. రేకు బరువైనది కనుక గాలి వీచే దిక్కు చూసుకోవాలి. వెనుక నుంచి బలమైన గాలి వస్తే అది తిరిగి మనిషి మీద పడుతుంది; అందుకే దానిని తాడుతోనైనా కట్టి ఉంచాలి. ఊతకడ్డీ ఉన్న బండ్లలో కడ్డీ కొస దానికి కేటాయించిన రంధ్రంలో పూర్తిగా దిగిందో లేదో చూసిన తర్వాతే చేతులు వదలాలి. కర్రను, స్పానర్‌ను ఊతంగా పెట్టరాదు.

తెరిచిన తర్వాత

బానెట్ తెరవడం, రేడియేటర్ మూత తీయడం వేర్వేరు పనులు. మొదటిది క్షేమంగా జరిగిందని రెండోదానికి తొందరపడరాదు. ముందు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ మట్టం బయటి నుంచే చూడాలి. కొన్ని బండ్లలో ఒత్తిడి మూత ఆ డబ్బాకే ఉంటుంది. దానికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. పై గొట్టాన్ని గుడ్డతో నొక్కితే గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. అది మెత్తబడిన తర్వాత మడతలు పెట్టిన గుడ్డను మూతపై కప్పి, పావు వంతు మాత్రమే తిప్పి ఆగాలి. బుస్సుమనే శబ్దం ఆగాకే మూత తీయాలి.

వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకూడదు. లోహం ఒక్కసారిగా ముడుచుకుని సిలిండర్ హెడ్ పగలవచ్చు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. దాని నుంచి వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం ఉన్నా అంటుకుంటుంది.

అడవి అంచున రాత్రంతా నిలిపిన బండిలో ఎలుకలు, వాటి కోసం పాములు చేరే అవకాశం ఉంది. ఉదయం బండి తీసే ముందు బానెట్‌పై గట్టిగా తట్టి, కొంతసేపు ఆగి, టార్చిలైటుతో చూసిన తర్వాతే చేయి పెట్టాలి. పాము కనిపిస్తే కర్రతో కదపకుండా దూరం జరిగి, అటవీ సిబ్బందికి తెలపాలి.

మూసేటప్పుడు

గుడ్డలు, పనిముట్లు లోపల మిగలలేదని చూసుకుని ఊతకడ్డీని దాని చోట పెట్టాలి. బానెట్‌ను జానెడు ఎత్తుకు దించి వదలాలి. తర్వాత అంచు పట్టి పైకి లాగి చూడాలి. కదలకపోతేనే తాళం పడినట్టు. పక్క కొక్కేలున్న జీపుల్లో రెండు వైపులా సరిచూడాలి. ఒకవైపు వదిలితే గతుకుల దారిలో రెండోదీ ఊడి, బానెట్ లేచి డ్రైవరుకు దారి కనిపించకుండా చేస్తుంది.

కాలితే ఏం చేయాలి?

కాలిన చోట శుభ్రమైన చన్నీటిని ధారగా 20 నిమిషాలపాటు పోయాలి. కాబట్టి వేసవి ప్రయాణంలో బండికి కావలసిన నీటితో పాటు మనిషి కోసం వేరుగా ఒక క్యాన్ ఉంచుకోవడం మంచిది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయాలి. చర్మానికి అంటుకున్న బట్టను లాగరాదు. పసుపు, నెయ్యి, సిరా, టూత్‌పేస్ట్ వంటివి పూయరాదు, పొక్కులు చిదమరాదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, 108కు ఫోన్ చేయాలి. ముఖం, కళ్లు కాలినప్పుడు గాయం చిన్నదిగా కనిపించినా వైద్యునికి తప్పక చూపించాలి.

సంత రోజున బండి నిండా జనంతో బయలుదేరే డ్రైవర్లు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్, బెల్టు, గొట్టాలు చూసుకుంటే దారిలో బానెట్ తెరవవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. అయినా బండి ఆగితే, త్వరపెట్టకుండా నీడలో వేచి ఉండడం ప్రయాణికులు చేయగలిగిన సాయం.