వెయ్యి గుర్రాల కారుకైనా కళ్లెమే ప్రధానం
సెల్‌ఫోన్ ఆటలో మంచి పాఠం - రోడ్డెక్కితే మాత్రం ముప్పు

ప్రొద్దుటూరు: పొద్దు వాలితే చాలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసర గ్రామాల్లో నలుగురైదుగురు కుర్రాళ్లు అరుగుల మీద చేరి, తలలు ఒక్కచోట పెట్టి సెల్‌ఫోన్లలోకి చూస్తూ కూర్చోవడం నేడు సర్వసాధారణమైపోయింది. వారిలో కొందరు ఆడేది కారు పందెం ఆట. పనికిమాలిన వ్యాపకమని పెద్దలు దానిని కొట్టిపారేస్తున్నారు. అయితే కాస్త నిదానించి చూస్తే, మన రైతులకూ లారీ డ్రైవర్లకూ బాగా తెలిసిన విద్యే అందులో ఉన్నదని బోధపడుతుంది. కాగా, దాని వెనుకనే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది.

బలం ఒక్కటే చాలదు

ఈ విలేఖరి మేనల్లుడు ఇంటర్మీడియేట్ చదువుతున్నాడు. ఆటలో కూడబెట్టిన డబ్బంతా పోసి, వెనుక చక్రాలతో నడిచే ఒక కారుకు ఇంజను బలాన్ని వెయ్యి గుర్రాలు దాటించాడు. మన పొలాల్లో తిరిగే 45 గుర్రాల ట్రాక్టర్లు ఇరవై రెండింటిని కలిపి కట్టినంత బలమన్నమాట. తీరా పందెంలో దింపితే మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. పది మార్లు ఆడితే పది మార్లూ అదే వరస.

పక్కనే కూర్చుని చూస్తున్న వాడి నాయన, ముప్పై ఏళ్లుగా ట్రాక్టరు తోలుతున్న మనిషి, నవ్వి ఊరుకోలేదు. "గుర్రాలుంటే సరా? చక్రం నేలను పట్టుకోవల్ల కదరా" అన్నాడు.

అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. బండలాగుడు పోటీలలో ఎంత బలమైన ఎద్దులైనా కాలి కింద నేల జారితే బండ కదలదు. కారు సంగతీ అంతే. 2005లో ఫ్రాన్సులో తయారై వచ్చిన బుగాటి వేరాన్ అనే కారుకు పదహారు సిలిండర్లు, 1001 గుర్రాల బలం. గంటకు 400 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఆ కారును చేసినవారు బలాన్నంతా రెండు చక్రాల మీద వేయకుండా నాలుగింటికీ పంచడం గమనార్హం.

ట్రాక్టరు విద్యే

ఇటువంటి ఆటలలో పేరున్నవాటిలో ఆటగాడు కారును తన చేతులతో సరిచేసుకునే వీలుంటుంది. దీనినే ట్యూనింగ్ అంటారు. టైర్లలో గాలి, గేర్లు, స్ప్రింగులు, బ్రేకులు అన్నీ తెర మీదనే మార్చుకోవచ్చు.

టైరులో గాలి కొంచెం తగ్గిస్తే నేలను ఎక్కువ మేర అంటుకుంటుంది. మరీ తగ్గిస్తే టైరు వేడెక్కి చెడుతుంది. ట్రాక్టరు వెనుక టైర్లలో నీళ్లు నింపడం, దమ్ములో ఇనుప చక్రాలు తగిలించడం కూడా పట్టు కోసమే గదా. గేర్లను దగ్గరగా అమరిస్తే కారు చురుగ్గా లాగుతుంది గాని, తుది వేగం తగ్గుతుంది. దూరంగా అమరిస్తే వేగం అందుతుంది గాని, ఎత్తుకోవడం మందగిస్తుంది.

బరువు సంగతి ఎడ్లబండి తోలినవారికి చెప్పనవసరం లేదు. సరుకు వెనక్కు జరిగితే కాడి పైకి లేస్తుంది, ముందుకు జరిగితే ఎద్దుల మెడ మీద పడుతుంది. కారులో బ్రేకు నొక్కితే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. ఆ సమయంలోనే మలుపు తిప్పితే తోక విసురుతుంది. మేనల్లుడి కారు గోడకు కొట్టుకోవడానికి అదీ ఒక కారణమే.

ట్రాక్టరులో 'డిఫరెన్షియల్ లాక్' పెడల్ ఉన్నట్టే ఆట కారులోనూ ఆ సర్దుబాటు ఉంటుంది. బురదలో ఒక చక్రం ఉత్తినే తిరుగుతుంటే లాక్ వేసి రెంటినీ కలిపి తిప్పుతాం. లాక్ వేసి మలుపు తిప్పరాదని ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఆటలో కూడా దానిని మరీ బిగిస్తే కారు మలుపుకు లొంగదు.

నాయన మాట విని కుర్రవాడు ఇంజను బలాన్ని 600 గుర్రాలకు దించాడు. వెనుక స్ప్రింగులు కాస్త మెత్తబరచాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చి, అదే దారిలో మళ్లీ నడిపి, ఎన్ని సెకన్లు పట్టిందో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మలుపుకు ముందే, కారు నిటారుగా ఉండగానే బ్రేకు వేయడం, మలుపు చివర దారి కనబడ్డాకే మెల్లగా ఆక్సిలరేటరు తొక్కడం అలవాటు చేసుకున్నాడు. వారం తిరిగేసరికి, వెయ్యి గుర్రాలతో పూర్తిచేయలేని పందేన్ని ఆరు వందలతో గెలిచాడు.

గువ్వలచెరువు ఘాట్ దిగే లారీ డ్రైవరు చేసేదీ ఇదే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాతకాపుల మాట. బ్రేకునే నమ్ముకుని దిగితే అది వేడెక్కి పట్టు వదులుతుంది.

ఆట నుంచి మైదానానికి

ఆటలో నేర్చి నిజమైన పందేలకు ఎక్కినవారు లేకపోలేదు. 1997లో జపానులో వెలువడిన గ్రాన్ టురిస్మో అనే ఆట ఎంతో పేరు పొందింది. ఆ ఆట ఆడేవారికి పెట్టిన పోటీలో 2011లో గెలిచిన బ్రిటన్ యువకుడు జాన్ మార్డెన్‌బరో నిజమైన రేసు డ్రైవరైనాడు. 2013లో ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో మూడవ స్థానం సంపాదించాడు. మన హైదరాబాదులోనూ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. అటువంటి డ్రైవర్లు సైతం దారిని ముందుగా తెర మీద నడిపి నేర్చుకుంటారు.

ఇదిలా ఉండగా, 2015లో జర్మనీలో జరిగిన పందెంలో అదే మార్డెన్‌బరో కారు గాలిలోకి లేచి కంచె దాటింది. చూడవచ్చిన ఒకరు మరణించారు. ఆటలో అయితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. అక్కడ ఆ వీలు లేకపోయింది.

రోడ్డుకు రెండో ఆట లేదు

ఆటలో దారి శుభ్రంగా ఉంటుంది. మన రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం ఉంటుంది, దీపం లేని ఎడ్లబండి ఉంటుంది, అడ్డం వచ్చే మేకల మంద ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండనివారు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. ఆ కుర్రవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేయడమూ శిక్షార్హమే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఆర్టీసీ డిపోలున్నాయి. వాటిలో ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా బస్సు నడిపిన డ్రైవర్లు ఉన్నారు. అటువంటివారిని ఏడాదికి ఒక్కనాడైనా జూనియర్ కళాశాలలకు పిలిపించి పాఠం చెప్పిస్తే కుర్రాళ్లకు మేలు జరుగుతుంది. ఈ విషయమై విద్యా, రవాణా శాఖల అధికారులు శ్రద్ధ వహించాలి. తల్లిదండ్రులు కూడా ఫోను లాక్కుని తిట్టేకంటే, పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పడం మంచిది.

పందెం గెలిచిన రాత్రి మేనల్లుడు మోటారు సైకిలు తాళం అడిగాడు. "ఊరి చివరిదాకా పోయొస్తా నాయనా" అన్నాడు. వాడికింకా పదిహేడేళ్లే. "ఆ ఆటలో ఎన్నిమార్లు గోడకు గుద్దినావో లెక్కబెట్టుకో. ఆ లెక్కంతా అయినాక అడుగు" అన్నాడు నాయన. తాళం ఆయన జేబులోనే ఉంది. మరుసటి ఏడు లైసెన్సు వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.