మీకు తెలుసా? ఫొటో పుట్టిన ఘడియ ఫొటోలోనే ఉంటుంది

డిజిటల్ కెమెరా ఫొటో తీసిన తేదీ, సమయాన్ని ఆ ఫైల్‌లోనే రాసిపెడుతుంది. దాన్నే ఎగ్జిఫ్ అంటారు. ఫిల్ హార్వే 2003లో విడుదల చేసిన ఉచిత సాధనం ఎగ్జిఫ్‌టూల్ దాన్ని చదివి, వేల ఫొటోలను ఒక్క ఆదేశంతో నెలవారీ ఫోల్డర్లలో సర్దేస్తుంది. పెళ్లిలో రెండు కెమెరాల గడియారాలు కలవక, జీలకర్రబెల్లం కంటే తలంబ్రాలు ముందొచ్చాయా? ఒక కెమెరా ఫొటోలన్నిటి సమయాన్నీ ఒకేసారి జరపొచ్చు.

ఫొటోల సైజు తగ్గించడానికి 1990 నాటి ఇమేజ్‌మ్యాజిక్ అనే సాధనం ఉంది. అందులోని మొగ్రిఫై ఆదేశంతో మాత్రం జాగ్రత్త! వేరే ఫోల్డర్ చూపకపోతే అసలు ఫొటోనే మార్చేస్తుంది. అన్నట్టు, వాట్సాప్‌లో మామూలుగా వచ్చే ఫొటోల్లో ఎగ్జిఫ్ మిగలదు, డాక్యుమెంట్‌గా పంపమనండి.