అటక మీది ఉయ్యాల

ఇంట్లో ఆడపిల్ల నీళ్ళోసుకుందని తెలియగానే మన తరం వాళ్ళకు మొదట గుర్తొచ్చేవి చలిమిడీ, గాజులూ, పురిటికి ఎన్నో నెలలో తీసుకురావాలన్న లెక్కలూ. ఇప్పటి పిల్లలకు మాత్రం మొదట గుర్తొచ్చేది పాపాయి గది! గోడకు రంగు, బట్టలకు చిన్న బీరువా, ఊచల మంచం... మా అమ్మాయికి ఏడో నెలలో సీమంతం చేసి విజయవాడ తీసుకొచ్చిన వారానికే హైదరాబాదు నుంచి మా అల్లుడు ఫోనులో కొన్న మంచం పెద్ద అట్టపెట్టెలో దిగింది. ఖరీదు 14,000. పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ కూడా ఉందండోయ్.

పడకగదిలో పెట్టి విప్పాం. గుప్పుమని ఒక ఘాటు వాసన! నాకు కళ్ళు మండాయి, అమ్మాయికి దగ్గు మొదలైంది. మేకులు బిగించడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి చెక్క అంచును గోటితో గీకి, "ఇది చెక్క కాదమ్మా, రంపపు పొట్టును జిగురుతో కలిపి అచ్చు పోసింది" అన్నాడు. ఆ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి వస్తూనే ఉంటుందట. వేడీ, చెమ్మా ఎక్కువైతే ఇంకా ఎక్కువ వస్తుందట. మన కృష్ణాతీరంలో ఆ రెంటికీ ఏం కరువు చెప్పండి? ఆ వాయువు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అలాంటి బోర్డులే కొనక తప్పనివాళ్ళు ఈ-జీరో, ఈ-వన్ అన్న గుర్తులు అడిగి తీసుకోండి. వాయువు తక్కువగా వదిలే రకాలవి. పురిటికి రెండు మూడు నెలల ముందే విప్పి, గాలి ఆడేచోట ఉంచండి. కంటికి చెక్కలా కనిపించిందంతా చెక్క కాదని మాత్రం గుర్తుంచుకోండి.

అసలు ఈ అచ్చుబోర్డు సంగతి నాకు 2024 సెప్టెంబరులోనే తెలిసి ఉండాల్సింది. బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్నిగారిల్లు నడుము లోతు నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే బోర్డు బీరువాలు నానిన రొట్టెముక్కల్లా ఉబ్బి, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. ఆవిడ పెళ్ళినాటి టేకు మంచాన్ని మాత్రం కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ దాని మీదే పడుకుంటున్నారు.

సరే, ఆ మంచాన్ని వరండాలోకి నెట్టి, వెనక్కి తీసుకెళ్ళమని కబురు పెట్టాం. మరి పాపాయికి ఏమిటి? మా అటక మీద టేకు ఉయ్యాల ఒకటి ఉంది. దాని మాట ఎత్తడానికే నాకు రెండు రోజులు పట్టింది.

1999లో నేను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, పామర్రు దగ్గర మా ఊళ్ళో పాత పశువులపాక విప్పితే వచ్చిన దూలంతో మా నాన్న ఆ ఉయ్యాల చేయించి, ఏడో నెలలోనే బండి మీద తెచ్చి ఇచ్చాడు. ఆ నెల తిరక్కుండానే ఆ బిడ్డ దక్కలేదు. బి.పి. బాగా పెరగడం వల్లనని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. అయినా "పుట్టకముందే ఉయ్యాల తెచ్చాడు, అందుకే" అన్న మాట ఇంట్లో నిలిచిపోయింది. మా నాన్న పోయేదాకా ఆ మాట మోశాడు. 2001లో మా అమ్మాయి పుట్టాక, దోషం పోవాలని మా అత్తగారు దానికి పిస్తా రంగు ఎనామిల్ వేయించి, అప్పుడు గానీ పిల్లను వేయనివ్వలేదు.

అందుకని ఈసారి నేను అత్తగారి దగ్గర కూర్చుని, "కొత్తది కొనడం లేదత్తయ్యా, ఉన్నదాన్నే బాగుచేయిస్తాను" అన్నాను. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. కాసేపు ఊరుకుని, "ఆ రంగు తీయించెయ్" అన్నారు. అంతే!

చిక్కంతా ఆ రంగు దగ్గరే ఉంది. గోడలకూ చెక్కలకూ వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందరి ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో, సీసం దండిగా ఉండేది. పళ్ళు వచ్చే పిల్లలు ఉయ్యాల అంచు కొరక్కుండా ఉంటారా? సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అలాగని మీరే ఒక గరుకు కాగితం తెచ్చుకుని పెరట్లో రుద్దడం మొదలుపెట్టకండి! ఆ దుమ్ము రంగు కంటే ప్రమాదం. కడుపుతో ఉన్న మనిషి పీలిస్తే బిడ్డకూ చేరుతుంది. మేము ఉయ్యాలను మేస్త్రి పనిచేసే షెడ్డుకే పంపించాం. ముక్కుకు మాస్కు కట్టుకుని, నీళ్ళతో తడుపుతూ గీకమన్నాను. పెచ్చులన్నీ గోనెపట్టా మీద పడేలా చూసి, సంచీలో మూట కట్టించాం. వాటిని కాల్చకూడదు, మొక్కల్లో పోయకూడదు. తర్వాత తడిగుడ్డతో తుడిచి, పైపైన చిత్రిక పట్టేసరికి, ఇరవై ఆరేళ్ళనాటి టేకు తేనెరంగులో బయటపడింది. మా నాన్న చేయి పెట్టి నిమిరిన చెక్క కదా, నేనూ కాసేపు నిమిరాను.

పైపూతకు వార్నిషు వద్దని చపడా పాలిష్ వేయించాను. లక్కను స్పిరిటులో కరిగించి గుడ్డతో పట్టిస్తారు. స్పిరిటు వాసన నాలుగైదు రోజుల్లో పోతుంది. చెమ్మ తగిలితే తెల్లమచ్చ పడుతుంది గనక, పక్క తడిపినప్పుడల్లా వెంటనే తుడవాలి. ఆ మాత్రం శ్రమ తప్పదు. కూలీ, సామాను కలిపి 3,400 అయింది.

ఇంకో సంగతి మేస్త్రికి నేనే చెప్పాల్సి వచ్చింది. పాత ఉయ్యాలల్లో ఊచల మధ్య ఎడం ఎక్కువ ఉంటుంది. ఒళ్ళు జారి తల ఇరుక్కుంటే ఇంకేమైనా ఉందా? రెండు అంగుళాల మీద మూడు పరకలు, అంటే ఆరు సెంటీమీటర్లకు మించకూడదని అమెరికాలో 1970ల నుంచీ నియమం. మాదాంట్లో మూడున్నర అంగుళాలుంది! మధ్యమధ్య మరో ఊచ వేయించాం. ఒక పక్క కిందికి జారే మంచాలనైతే వాళ్ళు 2011లో పూర్తిగా నిషేధించారు. మన దగ్గర ఎవరైనా వాడేసినది ఇస్తామంటే మొహమాటపడకండి.

అటక మీద ఏమీ లేనివాళ్ళు కలప అడితీల్లో పాత ఇళ్ళు విప్పిన టేకు అడగండి. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క గనక వంకర తిరగదు, చెట్టు కొట్టక్కర్లేదు. మామిడిచెక్క చవకే గానీ పురుగు పడుతుంది. అదీ వద్దనుకుంటే నూలు చీర ఉయ్యాల మహారాజులా ఉంది కదా! నైలాను చీర మాత్రం వద్దు. పసిపిల్ల ముఖం గుడ్డలో కూరుకుపోకుండా అడ్డకర్ర పెట్టాలి. మనిషి పక్కనున్నప్పుడే వాడాలి. లేవగానే దించేసి మడిచి పెట్టాలి. పెద్దపిల్లలు ఆ చీరలో ఆడుతూ మెడకు బిగుసుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

పరుపు దగ్గర నేనూ పొరపాటు పడ్డాను. బూరుగుదూదితో మెత్తని బొంతా, నాలుగు బుల్లి దిళ్ళూ కుట్టించాను. ప్రకృతిసిద్ధమే గదా అని! డాక్టరమ్మ చూసి, "అవన్నీ మీరు వాడుకోండి" అంది. మెత్తదనంలో ముక్కు మునిగితే పసికందు తిప్పుకోలేదట. గట్టిగా కూరిన పలుచని పత్తి పరుపు, ఎక్కడా సందు లేకుండా సరిపోయేది చాలు. దిండు వద్దు, వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. ఈసారికి మానేశాం. అత్తగారు రెండు పూటలు మాట్లాడలేదనుకోండి.

ఉయ్యాలపైన కట్టే బొమ్మలకు కొండపల్లి వెళ్ళాం. తెల్లపొణికి చెక్క తేలిక, చూడముచ్చటగా ఉంటాయి. కొన్నింటికి ఎనామిల్ రంగులూ వేస్తారు గనక అడిగి తీసుకోండి. నా మటుకు నాకు అవి చూసుకునే బొమ్మలు, నోట పెట్టుకునేవి కావు. చేతికిచ్చే గిలక్కాయకు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక సరుకు మేలు. అంకుడుకర్ర మీద లక్క, చెట్ల రంగులు. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఊడే ముక్కలు లేనివి చూసి ఏరుకోండి.

మొన్న ఆదివారం మేస్త్రి ఉయ్యాల తెచ్చి హాల్లో కొక్కేలకు తగిలించాడు. బరువు ఆగుతుందో లేదో చూడాలి, ఒకసారి ఊపమన్నాడు. అత్తగారు వంటింట్లోంచి "ఉత్త ఉయ్యాల ఊపకూడదు, ఆగండి!" అని కేకేశారు. సన్నికల్లు పొత్రాన్ని కడిగి, పాత పంచెలో చుట్టి, రెండు చేతులా తెచ్చి అందులో పడుకోబెట్టారు. మేస్త్రి దానికి తోడుగా పదికేజీల బియ్యం బస్తా కూడా పెట్టాడు. కొక్కెం కిర్రుమనలేదు. అమ్మాయి కుర్చీలో కూర్చుని గొలుసు పట్టుకుంది, అత్తగారు నెమ్మదిగా ఊపారు.