సొంతంగా కట్టుకున్న బండికి బ్రేక్ ప్యాడ్లు: వేసే ముందు, వేసిన తర్వాత

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్ దిగినవాళ్ళకి, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళొచ్చినవాళ్ళకి ఒక వాసన బాగా తెలుసు. ముందు పోతున్న లోడు లారీ మలుపు తిరుగుతుంటే ముక్కుకి ఘాటుగా తగులుతుంది. బ్రేకులు వేడెక్కి కాలుతున్న వాసన అది. కంపెనీ నుంచి వచ్చిన బండికే ఆ పరిస్థితి ఉంటే, పాత సామాన్లు ఏరుకొచ్చి షెడ్డులో కట్టుకున్న బండి సంగతి చెప్పక్కర్లేదు.

కారుని ముక్కలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకోవడం బ్రిటన్‌లో ఎప్పటి నుంచో ఉంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని చాలామంది అలాగే కొన్నారు. పూర్తిగా తయారైన కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడదని! మన వైపు అలాంటి కిట్లు దొరకవు. మార్కాపురం, కంభం, గిద్దలూరు షెడ్లలో కనబడేది వేరే రకం పని. పాత జీపుని మళ్ళీ లేపడం, పాత మారుతి ముందు చక్రాల సెట్టు తీసి ఇంకో ఛాసిస్‌కి బిగించడం, ఇలాంటివి. ఇంజినీరింగ్ చదివే పిల్లలైతే 2007లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా పోటీ కోసం బగ్గీలు కడతారు. ఆ పోటీలో బ్రేక్ పరీక్ష పాస్ కాని బండి అసలు రేసుకే వెళ్ళదు. బ్రేక్ తొక్కితే నాలుగు చక్రాలూ లాక్ అవ్వాలి. ఒక లైను తెగినా ఇంకో లైను పనిచెయ్యాలి.

బ్రేక్ చేసే పని ఒక్కటే, బండి పరుగుని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1200 కిలోలున్న జీపు 200 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. గేరు సాయం లేకుండా బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడితో దాదాపు 8 లీటర్ల నీళ్ళు మరిగే దాకా కాగుతాయి. ఆ వేడంతా అరచేతిలో పట్టే ప్యాడ్ల దగ్గర, డిస్కుల దగ్గర పుడుతుంది. అందుకే ఘాట్‌లో చిన్న గేరులో దిగమని పెద్దవాళ్ళు అనేది. వేగం సంగతి కూడా అంతే. 30లో పోయే బండి 60లో పోతే ఆపాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

ఇక పనిలోకి వస్తే, ఒక ఇరుసుకి రెండు వైపులా ప్యాడ్లు కలిపే మార్చాలి. కానీ ఒకేసారి రెండు చక్రాలూ విప్పకూడదు. ఒక వైపు బిగించాకే రెండోది ముట్టుకోవాలి. క్లిప్పు ఎటు పెట్టాలో మర్చిపోతే చూసుకోవడానికి ఇంకో వైపు ఉంటుంది. ఉస్తాద్‌లు చోటూకి మొదటి రోజు నేర్పే పాఠాల్లో ఇదొకటి. బండిని జాకీ మీద ఒక్కదానిమీదే నమ్మి కింద దూరొద్దు, స్టాండ్ పెట్టాలి.

కాలిపర్ విప్పాక దాన్ని పైపు మీద వేలాడదీయకూడదు. తీగతో స్ప్రింగ్‌కి కట్టాలి. దుమ్ముని గాలి పైపుతో ఊదడం మన దగ్గర మామూలే, కానీ అది మానెయ్యాలి. పాత ప్యాడ్లలో, లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే దాని ఫలితం ఏళ్ళ తర్వాత గానీ బయటపడదు. షెడ్డులో పనిచేసే చిన్న పిల్లాడే ఎక్కువ పీలుస్తాడు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్‌ని లోపలికి నొక్కాలి. నొక్కితే బ్రేక్ ఆయిల్ వెనక్కి వచ్చి పైన డబ్బాలోంచి పొంగుతుంది. అది పెయింటుని తినేస్తుంది, కొత్తగా రంగేసిన బండికి కన్నీళ్ళే. ముందే కొంచెం తీసేసుకోవాలి. జారే పిన్నులకి వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు రాయాలి. ప్యాడ్ రాసుకునే ముఖానికి, డిస్కుకి మాత్రం చుక్క గ్రీజు కూడా తగలకూడదు. డిస్క్ మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది. అంతకంటే అరిగితే కొత్త ప్యాడ్లు వేసి లాభం లేదు.

ఇంతవరకూ ఏ బండికైనా ఒకటే. సొంతంగా కట్టిన బండికి అసలు తంటా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటిది, లేత్ షెడ్డులో చేయించిన బ్రాకెట్. కాలిపర్ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి జరిగినా ప్యాడ్ అంచు డిస్క్ దాటి బయటికొస్తుంది. ఆ అంచు అరగదు, మిగతాది అరుగుతుంది, కొన్నాళ్ళకి అంచు డిస్కుకి తట్టుకుని బ్రేక్ సరిగా పట్టదు. రెండోది చాలామందికి తట్టనిది. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగిస్తే గాలి తీసే నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైకే పోతుంది కదా, కింద ఉన్న నిపిల్‌లోంచి ఎలా బయటికొస్తుంది? పూటంతా పెడల్ కొట్టినా స్పాంజిలా మెత్తగానే ఉంటుంది. లోపం ప్యాడ్లలో ఉందని మళ్ళీ కొత్తవి కొంటారు.

మూడోది మాస్టర్ సిలిండర్. ఒక బండిది తీసి ఇంకో బండి కాలిపర్లకి కలిపితే లెక్క మారిపోతుంది. ముప్పావు అంగుళం బోర్ ఉన్న చోట అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల బోర్ పెడితే, కాలు అంతే బలంగా తొక్కినా ఒత్తిడి పావు వంతు కంటే ఎక్కువే తగ్గుతుంది. పెడల్ గట్టిగా, పొట్టిగా ఉంటుంది. గట్టిగా ఉంది కాబట్టి బ్రేక్ బాగుందని అనుకుంటారు, కానీ బండి ఆగదు. ఇంజిన్ వెనక ఉన్న బగ్గీలో బరువు కూడా వెనకే ఉంటుంది. ముందు ఇంజిన్ ఉన్న కారు కోసం లెక్కేసిన బ్రేకులు అక్కడ వేరేలా పట్టుకుంటాయి. ముందు చక్రాల కంటే వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. వర్షంలో అయితే ఇంకా చెప్పక్కర్లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4 అయితే 230, 155. మరిగితే పైపులో ఆవిరి, కాలు కింద ఖాళీ! సగం వాడి ఏడాదిగా షెల్ఫ్‌లో పెట్టిన డబ్బాని పొదుపని వాడొద్దు.

అన్నీ బిగించాక, బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మర్చిపోయి గేరేసినవాళ్ళు గోడకి గుద్దేస్తారు. పిస్టన్ వెనక్కి వెళ్ళి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడు ఉత్తదే. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి రబ్బరు పైపు టైరుకి రాసుకుంటుందేమో చూడాలి. తర్వాత ఖాళీ మైదానంలో 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఇరవై సార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకుంటాయి. వేడిగా ఉన్నప్పుడు ఆపి పెడల్ నొక్కి ఉంచకూడదు.

మైదానం అనడానికి కారణముంది. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని వచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు ఇన్సూరెన్స్. మార్చిన బండి ప్రమాదం చేస్తే కంపెనీ ఆ మార్పులే ముందు చూపిస్తుంది, భారం ఇంటి మీద పడొచ్చు. పోటీ కోసం కట్టిన బగ్గీని లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళడం అందుకే. దాన్ని ఘాట్‌లోకి "ఒక్క రౌండ్" అని తీసుకెళ్తామని పిల్లలు అడుగుతారు. ఇవ్వకూడదు.

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత చక్రం మళ్ళీ విప్పి చూడాలి. రెండు వైపులా ప్యాడ్లు సమానంగా అరిగాయా, డిస్క్ అంచున అరగని గీత ఏమైనా మిగిలిందా, పైపు కీళ్ళ దగ్గర తడి ఉందా అని. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకి వస్తే కొత్తవి తెచ్చుకోవాలి.